నాలుగు గదుల బ్రష్షు

ఆ రోజు పొద్దున్న పిమ్మటగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడున్నరకు పళ్లు తోముకోవాలి. ఎనిమిదింటికి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కోవాలి. తొమ్మిదింటికి ఆఫీసులో ఉండాలి. పదకొండింటికి బ్రష్షుల కంపెనీ నుంచి ఒకావిడ వస్తుంది, ఆవిడతో చిరునవ్వుతో "నేనూ మీ బ్రష్షే వాడుతున్నానండీ" అనాలి. అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు. అందుకని ఆ మాట నిజం కావడానికి సరిపడా, ఒక్కసారైనా ఆ బ్రష్షు వాడాలని ముందురోజు సాయంత్రమే నిశ్చయించుకున్నారు.

పిమ్మట ఆయన అసలు పేరు కాదు. ఆయన అనువాదకులు. కొత్త వస్తువు కొన్నప్పుడు పెట్టె అడుగున మడతలు పడి ఒక కాగితం ఉంటుందే, దాన్ని ఎలా వాడాలో చెప్పేది, అలాంటి కాగితాలను తెలుగులోకి తేవడం ఆయన ఉద్యోగం. ఫ్యాన్లు, తాళాలు, నిచ్చెనలు, బరువు తూచే యంత్రాలు, ఇరవై రెండేళ్లలో ఆయన చెయ్యి పడనిది లేదు. ఏ కాగితం రాసినా అందులో "పిమ్మట" అన్న మాట కనీసం ఎనిమిదిసార్లు ఉంటుంది. ఆఫీసులో ఎవరో మొదటి ఏడాదే ఆ పేరు పెట్టారు. అది ఎంతగా అతుక్కుపోయిందంటే, జీతం రోజున సంతకం పెట్టేటప్పుడు అసలు పేరు గుర్తు రావడానికి ఆయనకే ఒక క్షణం పట్టేది.

ఆయనకు ఒకే ఒక్క బాధ. తాను రాసింది ఎవరూ చదవరు. పెట్టె విప్పగానే జనం ఆ కాగితాన్ని పక్కన పడేస్తారు. లేకపోతే కుంటుతున్న బల్ల కాలి కింద పెడతారు. ఆయన రాసిన నిచ్చెన కాగితాన్ని చుట్టాలింట్లో బల్ల కింద ఆయనే చూశారు. తన రచనను చదువుతున్న మనిషిని మాత్రం ఇంతవరకు కళ్లారా చూడలేదు.

ఈ కరెంటు బ్రష్షు కాగితం కూడా ఆయన రాసిందే. మూడు నెలల కిందట కంపెనీవాళ్లు పనితోపాటు ఒక బ్రష్షు కూడా పంపి, "వాడి చూసి రాయండి" అన్నారు. తన పని రాయడం గాని తోమడం కాదని ఆయన పెట్టెను విప్పకుండా బీరువాలో పెట్టి, భోజనం చేసి వచ్చి, ఆ మధ్యాహ్నమే అనువాదం ముగించారు. పిమ్మట దాన్ని మరిచిపోయారు. నిన్న మేనేజరు పిలిచి, "రేపు బ్రష్షు కంపెనీ ఆవిడ వస్తోంది. మీ కాగితం గురించే మాట్లాడాలట" అనేదాకా గుర్తే లేదు. ఇన్నాళ్లకు ఒక మెచ్చుకోలు వస్తోందని ఆయన అర్థం చేసుకున్నారు.

ఏడున్నరకు ఆయన కళ్లజోడు తీసి సింకు పక్కన పెట్టి, బ్రష్షు చేత్తో పట్టుకుని నిలబడ్డారు. జోడు లేకపోతే అక్షరం కనపడదు. అందుకని భార్య గుమ్మంలో నిలబడి కాగితం చదివి వినిపిస్తానంది. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా ఆవిడ వెనకే తలుపు కొక్కేనికి వేలాడుతోంది.

"బ్రష్షు కుచ్చును నీటితో తడపవలెను," అని చదివింది ఆవిడ.

తడిపారు.

"బఠానీ గింజంత పేస్టు పెట్టవలెను."

పెట్టారు.

"ముందుగా మీట నొక్కవలెను. పిమ్మట బ్రష్షును నోటిలో ఉంచవలెను."

ఆయన మీట నొక్కారు. బఠానీ గింజంత పేస్టు అక్కడ ఉండలేదు. సగం అద్దం మీదికి వెళ్లింది. మిగతా సగంలో కొంత ఆయన నుదుటికీ, కొంత భార్య చెంపకూ, మిగిలింది వెనకనున్న తెల్లచొక్కా నీలం గుండీల వరసకూ చేరింది. బ్రష్షు తేనెటీగలా రొద పెడుతూనే ఉంది.

"ఆపడం ఎలాగో చదువు!"

"అది రెండో పేజీలో ఉందండీ. వరసగా రానివ్వండి."

"ఏ మహానుభావుడు రాశాడే ఇది? నోట్లో పెట్టకముందే మీట నొక్కమనేవాడు అసలు మనిషేనా?"

భార్య చెంప తుడుచుకుని, కాగితాన్ని ఇంకోసారి చూసి, నెమ్మదిగా అంది. "'పిమ్మట' అని ఉందండీ."

బాత్‌రూములో కాసేపు బ్రష్షు ఒక్కటే మాట్లాడింది.

"అయితే దానికేదో కారణం ఉండే ఉంటుంది," అన్నారు పిమ్మటగారు. ఆ మీటే ఇంకోసారి నొక్కి బ్రష్షును ఆపారు. మళ్లీ పేస్టు పెట్టి, ఈసారి కుచ్చును అరచేత్తో మూసిపెట్టి మీట నొక్కి, ఆ చెయ్యి తీసీ తియ్యగానే నోట్లో పెట్టేసుకున్నారు.

నోట్లోకి వెళ్లాక అది సద్దుమణిగింది గాని, ఆయన సద్దుమణగలేదు. చిగుళ్ల నిండా చక్కిలిగింతలు. ముక్కు దాకా జలదరింపు. నలభై ఏళ్ల అలవాటు కొద్దీ ఆయన చెయ్యి ముందుకూ వెనక్కూ గట్టిగా రుద్దడం మొదలుపెట్టింది. బ్రష్షు తన పని తాను చేస్తోంది, చెయ్యి కూడా అదే పని చేస్తోంది, మధ్యలో చిగుళ్లు నలుగుతున్నాయి. "చేత్తో రుద్దరాదు. పంటికీ చిగురుకూ నడుమ మెల్లగా ఆనించి ఉంచిన చాలును" అని భార్య చదివేసరికి నురగ గులాబీ రంగుకు తిరిగింది.

అంతలో బ్రష్షు ఒక్కసారి తడబడి, ఆగి, మళ్లీ మొదలైంది. పిమ్మటగారు కంగారుగా భార్య వైపు చూశారు.

"కంగారేం లేదు, ఇదీ రాసుంది. 'ముప్పది సెకండ్లకు బ్రష్షు క్షణకాలము ఆగి మరల కదులును. పిమ్మట పక్క గదికి వెళ్లవలెను. ఈ విధముగా నాలుగు గదులు పూర్తిచేయవలెను.'" ఆవిడ తలెత్తింది. "పక్క గదికేమిటండీ?"

ఆయనకూ తెలియలేదు. కాని నోరు తెరిచి తెలియదనడానికి వీల్లేదు, తెరిస్తే గోడలన్నీ తెల్లబడతాయి. పైగా అచ్చులో ఉన్నదాన్ని కాదనడం ఆయన నైజంలో లేదు. పడగ్గదిలోకి నడిచారు. భార్య కాగితం పట్టుకుని వెనక నడిచింది. పడగ్గదిలో ముప్పై సెకండ్లు మంచం పక్కన నిలబడ్డారు. బ్రష్షు తడబడింది. హాల్లోకి వెళ్లారు.

హాల్లో మామగారు పేపరు చదువుకుంటున్నారు. ఆయన వారం రోజులు కూతురి దగ్గర ఉండి వెళ్దామని వచ్చారు. ముప్పై ఒక్కేళ్లు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైన మనిషి. పేపరు దించి చూసేసరికి ఎదురుగా అల్లుడు. నోటి నిండా గులాబీ నురగ. గడ్డం మీదుగా కారుతోంది. చెయ్యి వణుకుతోంది. లోపలినుంచి ఏదో గుర్రుమంటోంది.

"ఏ ఏఉ, ఆఆయ్యా," అన్నారు పిమ్మటగారు. ఏం లేదు మామయ్యా అని ఆయన ఉద్దేశం.

మామగారు చెప్పులు వదిలేసి కుర్చీ ఎక్కారు. "అమ్మాయీ! ఆయన దగ్గరికి వెళ్లకు! ఎప్పుడు కరిచింది? ఏ కుక్క?"

"కుక్కేమిటి నాన్నా?"

"ముందు నీళ్లు తీసుకురా! తాగడానికి కాదు, చూపించడానికి!"

నాన్న అంత గట్టిగా అరవడం ఆవిడ చిన్నప్పటినుంచీ విన్లేదు. ఎందుకో అడగకుండా గ్లాసుతో నీళ్లు తెచ్చి భర్త ముందు పెట్టింది. ఇంకా రెండు నిమిషాలు పూర్తి కాలేదు, ఇప్పుడు పుక్కిలిస్తే లెక్క తప్పుతుంది. పిమ్మటగారు వద్దు వద్దని తల అడ్డంగా ఆడించారు. నురగ చుక్కలు పేపరు మీద పడ్డాయి.

"చూశావా! నీళ్లు చూసి తల తిప్పేశాడు!"

సరిగ్గా అప్పుడే బ్రష్షు తడబడింది. పిమ్మటగారు నాలుగో గది వెతుక్కుంటూ వంటింట్లోకి పరుగుతీశారు. మామగారు ఆ వయసులో అంత చురుగ్గా కుర్చీ దిగుతారని ఎవరూ అనుకోరు. దిగారు. వంటింటి తలుపు లాగి గడియ వేశారు.

"నా సర్వీసులో ఇలాంటివి నాలుగు చూశాను," అన్నారు రొప్పుతూ. "మూడు ఎద్దులు, ఒక మేక. ఒక్కటీ దక్కలేదు."

లోపల, తాను రాసినట్టే, రెండు నిమిషాలకు బ్రష్షు దానంతట అదే ఆగింది. పిమ్మటగారు గిన్నెల దగ్గర నోరు కడుక్కుని, నాలుకతో పళ్లు తడిమి చూసుకున్నారు. గాజులా నున్నగా ఉన్నాయి. అంత శుభ్రంగా అవి మొలిచినప్పుడు కూడా ఉండి ఉండవు. ఆ సంతోషం రెండు క్షణాలే నిలిచింది. తలుపు కింది సందులోంచి భార్య కాగితమూ కళ్లజోడూ లోపలికి తోసింది. "నాన్నకు నచ్చజెబుతున్నాను, పది నిమిషాలు ఓపిక పట్టండి" అంది బయటినుంచి.

ఆయన జోడు పెట్టుకుని తన రచనను తానే మొదటిసారి చదివారు. చదువుతుంటే ఆ మధ్యాహ్నం గుర్తొచ్చింది. మూలంలో ఉన్నది "మీట నొక్కడానికి ముందు నోటిలో ఉంచవలెను" అని. భోజనం చేసిన మత్తులో అది "ముందు మీట నొక్కవలెను" అయి కూర్చుంది. గదుల సంగతీ గుర్తొచ్చింది. నోటిని పైన రెండు, కింద రెండు, నాలుగు భాగాలుగా చూసుకుని ఒక్కొక్క భాగాన్ని ముప్పై సెకండ్లు తోమాలి. గుండెకు నాలుగు గదులున్నట్టు నోటికీ నాలుగు గదులని ముచ్చటపడి, "నోటిని నాలుగు గదులుగా భావించుకొనవలెను" అని ఒక వాక్యం రాశారు. దాన్ని రాసినప్పుడు ఆయనకు కాస్త గర్వం కూడా కలిగింది. ఆ వాక్యం ఇప్పుడు కాగితంలో లేదు.

కాగితాలు నలభై వేలు అచ్చయి పెట్టెల్లోకి వెళ్లాయని మేనేజరు చెప్పడం గుర్తొచ్చింది. నలభై వేల అద్దాలు, నలభై వేల చొక్కాలు. పదకొండింటికి వచ్చేది మెచ్చుకోలు కాదని ఆయనకు తెలిసిపోయింది.

బయట ఇంకో సంగతి జరిగింది, అది ఆయనకు తెలియలేదు. కూతురు కళ్లజోడు వెతికి తెచ్చే లోపు మామగారు ఫోను తీసి అల్లుడి ఆఫీసుకు కొట్టారు. "మా అల్లుడు ఇవాళ రాకపోవచ్చు. వస్తే మాత్రం ఎవరూ దగ్గరికి పోవద్దు. ముందు నీళ్లు చూపించండి. తల తిప్పుకున్నాడంటే అదే. ఆ నురగ తగిలితే అంటుకుంటుంది సార్" అని మేనేజరుకు చెప్పారు. ఆ తర్వాత కూతురు కాగితంలో ఉన్నదంతా చెప్పింది, బ్రష్షు పెట్టె చూపించింది. ఆయనకు సంగతి అర్థమైంది. గడియ తీశారు. కాని మళ్లీ ఫోను చెయ్యలేదు. "పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం" అని మాత్రం గొణిగారు. తొందరపడ్డానని నలుగురిలో ఒప్పుకోవడం ఆయనకు అలవాటు లేదు. జాగ్రత్త చెప్పడం తప్పెలా అవుతుందని తనకు తాను సర్దిచెప్పుకుని, ఫోను చేసిన సంగతే ఇంట్లో ఎత్తలేదు.

పిమ్మటగారు నీలంచొక్కా వేసుకుని, వాచిన పెదవితో తొమ్మిదిన్నరకు ఆఫీసు మెట్లెక్కారు. లోపల అడుగుపెట్టగానే ప్రూఫ్‌రీడరు కుర్చీలోంచి లేచి ఫైళ్ల అల్మారా వెనక్కి వెళ్లాడు. పిమ్మటగారి బల్ల మధ్యలో అంచుల దాకా నింపిన నీళ్లగ్లాసు ఉంది.

"తాగండి," అన్నాడు ప్రూఫ్‌రీడరు అల్మారా పక్కనుంచి తొంగిచూస్తూ.

ఇరవై రెండేళ్లలో ఆ మనిషి ఎవరికీ నీళ్లిచ్చింది లేదు. కష్టంలో ఉన్నవాడికి ఎంత చల్లటి మాట అనుకుంటూ పిమ్మటగారు గ్లాసెత్తి ఒక గుక్క తాగారు. మాట కన్నా నీళ్లు చల్లగా ఉన్నాయి. పొద్దున నలిగిన చిగుళ్ల మీద సూదులు గుచ్చినట్టయి, ఆయన మొహం అదోలా పెట్టి తల తిప్పుకుని గ్లాసును దూరంగా నెట్టేశారు. అల్మారా వెనకనుంచి "అయ్యో" అని వినపడింది.

"ఆ బ్రష్షు కాగితంలో నాలుగు గదులుగా భావించుకొనవలెను అని ఒక వాక్యం ఉండాలి. ఏమైందది?" అని అడిగారు పిమ్మటగారు.

"ఏ వాక్యం? ఓ, అదా. ఒక్క లైను పేజీ దాటిపోయింది. ఏదో ఒకటి తీసెయ్యాలిగా. అది కొంచెం కవిత్వంలా ఉంది, తీసేశాను."

"దాంతోపాటు అర్థం కూడా పోయిందని చూడలేదా?"

"నేను అచ్చుతప్పులు చూస్తానండీ, అర్థాలు చూడను."

పిమ్మటగారు పళ్లు కొరికారు. ప్రూఫ్‌రీడరు అల్మారా దగ్గరనుంచి నేరుగా మేనేజరు గదిలోకి వెళ్లిపోయాడు.

మేనేజరు గుమ్మం దాకా వచ్చాడు గాని, దాటలేదు. గుండెలకు ఒక లావుపాటి ఫైలు అడ్డంగా పట్టుకున్నాడు. దట్టమైన మీసం, తక్కువ ఓపిక ఉన్న మనిషి. ఇవాళ మాత్రం గొంతు మెత్తగా ఉంది.

"పిమ్మటగారూ, మీరు కాసేపు కాగితాల గదిలో కూర్చోండి."

"సార్, ఆవిడ వచ్చేలోపు మీకొక మాట చెప్పాలి. ఆ బ్రష్షు విషయం..."

"నాకంతా తెలుసు. మీ మామగారు ఫోన్ చేశారు."

మామగారు ఇంతపని చేస్తారని పిమ్మటగారు అనుకోలేదు. అయినా దాచిపెట్టే బాధ తప్పిందని కొంత ఊరట కూడా కలిగింది.

"తప్పు నాదే సార్. ముందే చూసుకోవాల్సింది."

"అవన్నీ ఇప్పుడెందుకు? మనసు ప్రశాంతంగా పెట్టుకోండి. ఇంకెవరికైనా పాకిందా, అది చెప్పండి చాలు."

"ఇంకెవరికైనానా? నలభై వేలమందికి పాకింది సార్."

మేనేజరు చేతిలో ఫైలు జారింది. "నలభై వేలా?"

"అది ఇంటికి ఒకరు చొప్పున. ముగ్గురేసి ఉంటారనుకుంటే లక్షా ఇరవై వేలు. రోజూ పొద్దున్నే, పాపం."

"మతి కూడా పోయింది," అన్నాడు మేనేజరు ప్రూఫ్‌రీడరు చెవిలో. పిమ్మటగారిని ఎంతో మర్యాదగా, నాలుగడుగుల దూరంనుంచి, కాగితాల గదిలోకి సాగనంపి బయట గడియ వేశాడు. ఆ గది తలుపుకు పైసగం అద్దం. అందులోంచి హాలూ, హాలు అవతల మీటింగు గదీ కనపడతాయి. ఇదే తనకు పడిన శిక్ష అనుకుని పిమ్మటగారు తెల్లకాగితాల కట్ట మీద కూర్చున్నారు.

పదకొండింటికి కంపెనీ ఆవిడ వచ్చింది. పొట్టిగా, గంభీరంగా ఉంది. మెడలో ఆటల పోటీల్లో వాడే గడియారం ఒకటి వేలాడుతోంది. మీటింగు గదిలో కూర్చోగానే సంచిలోంచి బ్రష్షు పెట్టె తీసి బల్ల మీద పెట్టింది. తలుపు తెరిచే ఉండడంతో మాటలు కాగితాల గదిలోకి కూడా వినపడుతున్నాయి.

"మాటలు తర్వాత. మీలో ఈ బ్రష్షు ఎప్పుడూ వాడనివాళ్లు ఒకరు ఈ కాగితం చదివి, అందులో ఉన్నది ఉన్నట్టు చెయ్యాలి. నేను చూడాలి," అంది.

"ఎవరో ఎందుకు, నేనే చేస్తాను," అన్నాడు మేనేజరు మీసం సవరించుకుంటూ. "ఈ కాగితంలో ప్రతి వాక్యమూ నా చేతి మీదుగా వెళ్లిందేనండీ. ఆ 'పిమ్మట' లాంటివి కూడా నేనే పట్టుబట్టి ఉంచుతాను."

పిమ్మటగారు లేచి తలుపు అద్దం మీద రెండు చేతులతో బాదారు. "నొక్కకండి సార్! నోట్లో పెట్టుకోండి! ముందు నోట్లో పెట్టుకోండి!"

కంపెనీ ఆవిడ తలతిప్పి చూసింది. "ఎవరాయన?"

"మా అనువాదకులు. ఒంట్లో బాగోలేదు. పట్టించుకోకండి."

మేనేజరు కాగితం పైకి చదివాడు. తడిపాడు. బఠానీ గింజంత పేస్టు పెట్టాడు. "ముందుగా మీట నొక్కవలెను" అని గట్టిగా చదివి, మీట మీద వేలుంచాడు. కంపెనీ ఆవిడ రెండడుగులు పక్కకు జరిగింది. ఆవిడ ముందే జరగడం పిమ్మటగారు అద్దంలోంచి గమనించారు గాని, దాని గురించి ఆలోచించే తీరిక లేకపోయింది. పేస్టు ప్రూఫ్‌రీడరు చొక్కా మీదా, గోడ మీది క్యాలెండరు మీదా, మేనేజరు మీసంలోనూ సర్దుకుంది.

మేనేజరు వెనక్కి తగ్గే మనిషి కాదు. పరాయి కంపెనీ ముందు అసలే తగ్గడు. మళ్లీ పేస్టు పెట్టి బ్రష్షు నోట్లోకి తోసి, ప్రూఫ్‌రీడరును చదవమని సైగ చేశాడు. ముప్పై సెకండ్లకు అది తడబడగానే ప్రూఫ్‌రీడరు "పిమ్మట పక్క గదికి వెళ్లవలెను" అని చదివాడు. అచ్చుతప్పు లేదు. మేనేజరు కళ్లు పెద్దవి చేశాడు. పిమ్మట హాల్లోకి నడిచాడు.

హాల్లో పనిచేసుకుంటున్న నలుగురూ లేచి నిలబడ్డారు. మేనేజరు వాళ్ల మధ్య నురగతో హుందాగా ముప్పై సెకండ్లు నిలబడ్డాడు. వెనక కంపెనీ ఆవిడ గడియారం చూస్తూ పుస్తకంలో రాసుకుంటోంది. బ్రష్షు తడబడింది. మేనేజరు కాఫీలు కలుపుకునే చిన్నగదిలోకి వెళ్లాడు.

అద్దం వెనక పిమ్మటగారు బాదడం మానేశారు. భయం భయమే. ఉద్యోగం పోతుందన్నదీ ఖాయమే. అయినా కళ్లు తిప్పుకోలేకపోయారు. తాను రాసిన వాక్యాన్ని ఒక పెద్దమనిషి, అర్థం కాకపోయినా, అక్షరం పొల్లుపోకుండా నమ్మి నడుస్తున్నాడు. ఇరవై రెండేళ్లలో ఇలాంటి దృశ్యం ఆయన చూడలేదు. తప్పు వాక్యమైతేనేం అని ఒక ఆలోచన వచ్చింది. అది వచ్చినందుకు సిగ్గుపడ్డారు.

బ్రష్షు మూడోసారి తడబడింది. మేనేజరు నాలుగో గది కోసం అటూ ఇటూ చూశాడు. ఆ దగ్గరలో మిగిలింది కాగితాల గది ఒక్కటే. నోట్లో బ్రష్షు రొద పెడుతుంటే మనిషికి ఆలోచన సాగదు. గడియ తీసుకుని లోపలికి వచ్చేశాడు. గడ్డం మీద నురగ, కళ్లలో నీళ్లు. ఎదురుగా పిమ్మటగారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"గట్టిగా రుద్దకండి సార్, ఊరికే ఆనించండి," అన్నారు పిమ్మటగారు జాలిగా.

బయట ప్రూఫ్‌రీడరు కాగితం పక్కన పడేశాడు. నురగ చూశాడు, ఎర్రబడిన కళ్లు చూశాడు, పొద్దున ఫోనులో చెప్పిన లక్షణాలన్నీ సరిచూసుకున్నాడు. "ఈయనకూ అంటుకుంది!" అని అరిచి తలుపు మూసి గడియ పెట్టాడు.

"ఏం చేస్తున్నారు? తలుపు తియ్యండి!" అంది కంపెనీ ఆవిడ.

"తీస్తే మనకూ వస్తుందండీ! పిచ్చికుక్క కరిచింది ఆయన్ని. పొద్దున వాళ్ల మామగారే ఫోన్ చేశారు!"

కంపెనీ ఆవిడ అద్దంలోంచి లోపలికి చూసింది. లోపల బ్రష్షు ఆగగానే చేతిలో గడియారం నొక్కింది. "రెండు నిమిషాలు. ఒక్క సెకండు తేడా లేదు," అని రాసుకుని, ప్రూఫ్‌రీడరును పక్కకు జరిపి తానే గడియ తీసింది.

మేనేజరు చెత్తబుట్టలో ఉమ్మి, మీసం తుడుచుకుని, మొదట చేసిన పని పిమ్మటగారి వైపు వేలు చూపించడం. "ఆ కాగితం ఈయన రాసిందండీ. నాకేం సంబంధం లేదు. నేను సంతకం మాత్రం పెడతాను."

పిమ్మటగారు ముందుకు వచ్చారు. "అవునమ్మా. తప్పు నాదే. మీరు పంపిన బ్రష్షు విప్పి చూడకుండా రాశాను. ఇవాళ పొద్దున మొదటిసారి వాడాను. నోట్లో పెట్టాక నొక్కాలి. గది అంటే ఇంట్లో గది కాదు, నోట్లోది. మీ నలభై వేల కాగితాలూ కూర్చుని చేత్తో దిద్దమన్నా దిద్దుతాను. రాజీనామా కావాలంటే అదీ ఇస్తాను. నన్ను కుక్క మాత్రం కరవలేదు. మా మామగారికి పశువులే బాగా తెలుసు."

ఆవిడ కాసేపు ఆయన్ని ఎగాదిగా చూసింది.

"దిద్దుతారా? ఒక్క అక్షరం ముట్టుకోకండి," అంది.

ఎవరికీ అర్థం కాలేదు. ఆవిడ కూర్చుని, పుస్తకం తెరిచి చెప్పింది. ఈ బ్రష్షు వాళ్లు ఏడు భాషల్లో అమ్ముతున్నారు. మిగతా ఆరు భాషల కాగితాల్లోనూ అంతా సరిగ్గానే ఉంది. ఎవరూ చదవరు. అందరూ మీట ముందే నొక్కి గోడలు పాడుచేసుకుంటారు, బ్రష్షు తడబడగానే పని అయిపోయిందనుకుని నోట్లోంచి తీసేస్తారు. ముప్పై సెకండ్ల తోముడుకు పళ్లు బాగుపడవు. బ్రష్షు మంచిది కాదని తిట్టి మూల పడేస్తారు. "ఈ ఒక్క భాషలోనే పూర్తిగా రెండు నిమిషాలు తోముతున్నారు. ఎందుకో తెలియక నాలుగొందల ఇళ్లు తిరిగాం. ఒకళ్లు గదులు మారడం చూసి పక్కింటివాళ్లు కాగితం వెతుక్కున్నారు. ఇప్పుడు అందరూ గదులు మారుతున్నారు. నాలుగు గదులయ్యేదాకా ఆపడం లేదు."

"రెండే గదులున్నవాళ్లు?" అని అడిగాడు ప్రూఫ్‌రీడరు.

"అటు రెండుసార్లు, ఇటు రెండుసార్లు. ఒకాయనకు ఉన్నది ఒకే గది. పక్కవాటా తలుపు కొట్టాడు. ఇప్పుడు ఇద్దరూ కలిసి తోముకుంటున్నారు, మంచి స్నేహితులయ్యారు."

"మరి ఆ మీట సంగతి?"

"మొదటి రోజు మీద పడుతుంది. కాగితంలో ఉన్నట్టు చేస్తేనే పడింది కాబట్టి కోపం వస్తుంది. కోపం వస్తే మనిషి మరిచిపోడు. రెండో రోజునుంచి ఎవరికి వాళ్లే నోట్లో పెట్టుకున్నాకే నొక్కుతున్నారు. అందుకే ఒకసారి కళ్లారా చూసి పోదామని వచ్చాను."

పిమ్మటగారు కాగితాల కట్ట మీద మళ్లీ కూర్చున్నారు. "అయితే, నిజంగా చదువుతున్నారా అమ్మా?"

"ఎవరికి వాళ్లు చదవడం లేదు. నోట్లో బ్రష్షు ఉంటుంది కదా. ఇంట్లో ఇంకొకళ్లు వెనకే నడుస్తూ చదివి వినిపిస్తున్నారు."

ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. దాని మీద పొద్దుటి పేస్టు మరక ఒకటి ఇంకా ఉందని అందరూ అనుకున్నారు.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "నేను మొదటినుంచీ చెబుతూనే ఉన్నానండీ, ఆ వాక్యాల్లో ఏదో బలం ఉందని. ప్రతి వాక్యమూ నా చేతి మీదుగా వెళ్లిందే."

"లైను తీసేసింది నేను," అన్నాడు ప్రూఫ్‌రీడరు, చొక్కా మీది పేస్టును గోటితో గీకుతూ. "అది కూడా రాసుకోండి."

కంపెనీ ఆవిడ రెండూ రాసుకోలేదు. పిమ్మటగారి వైపు తిరిగి, మిగతా ఆరు కాగితాల్లోనూ ఉన్నదాన్ని ఈ తప్పుకు తగ్గట్టు మార్చాలనీ, ఆ పని ఆయన దగ్గరుండి చూసుకోవాలనీ చెప్పింది. ఇన్నేళ్లూ ఆయన మూలాన్ని చూసి తెలుగులో రాశారు. తన తెలుగును చూసి మూలాన్ని దిద్దమనడం ఇదే మొదటిసారి. సరేనన్నారు. సరైన దాన్ని తప్పుగా రాయడం అనుకున్నంత తేలిక కాదనీ, అజాగ్రత్త అనేది కావాలంటే రాదనీ ఆ తర్వాత నెల రోజులు కూర్చుంటే గాని ఆయనకు తెలియలేదు.

ఏడాది తిరిగేసరికి కంపెనీవాళ్లు ప్రతి పెట్టెలోనూ ఒక తుడుపుగుడ్డ కూడా పెట్టారు, దాన్ని వాడే విధానం రెండు పేజీలు.